జీపు డీజిల్ మిగిల్చిన మనిషికి ఒక కాగితమన్నా లేదా?



ఈసారి గూళ్ళ రేటు సంగతి కాదు, రేష్మె డిపార్ట్‌మెంటు ఉద్యోగుల సంగతి. తిట్టడానికి కాదులెండి, దానికి మన గ్రూపులో కొదవ లేదు.

మా ఊళ్ళో 11 షెడ్లున్నాయి. ముందు ఎవరికి తోచిన రోజున వాళ్ళం చాకీ పురుగులు దించుకునేవాళ్ళం. బండి ఎన్నిసార్లు వస్తే అన్ని బాడుగలు. ఒక షెడ్డులో పురుగు చంద్రికలకు ఎక్కుతుంటే పక్క షెడ్డులో మూడో జ్వరం. ఇక ఊజీ ఈగకు ఏడాదంతా పండగే. మూడేళ్ళ కిందట వచ్చిన డెమాన్‌స్ట్రేటరు మమ్మల్నందరినీ రచ్చకట్ట దగ్గర కూర్చోబెట్టి, తోటలన్నీ ఒకే వారంలో కోయించి, ఊరంతటికీ ఒకటే తేదీల పట్టీ వేసినాడు. చాకీ బండి ఒకే తిరుగుడు. షెడ్ల శుద్ధి అందరిదీ ఒకేసారి. జ్వరం లేచే రోజున ఆయన వస్తే ఒక్క పూటలో 11 షెడ్లూ చూసేసేవాడు. ఆఫీసు జీపు కూడా ఊరికే తిరిగే పని తప్పింది.

పోయినేడు ఆయనకు బదిలీ అయింది. పట్టీ ఆయన డైరీలోనే వెళ్ళిపోయింది. కొత్తగా వచ్చినాయనకు దాని సంగతే తెలీదు, చెప్పినవాళ్ళూ లేరు. రెండు పంటలకే మళ్ళీ ఎవరి దారి వాళ్ళది. మొన్న రెండు షెడ్లు ఊజీతో దెబ్బతిన్నాయి. ఒకటి నాదే.

జీతం తీసుకుంటున్నారు కదా, ప్రశస్తి ఎందుకని మా బావ అంటాడు. జీతం ఊరికొచ్చి రిజిస్టరు రాసేదానికి బావా. పట్టీ వేయమని ఎవరూ ఆర్డరు ఇవ్వలేదు. అది బెడిసికొట్టి ఉంటే నోటీసు మాత్రం ఆయనకే వచ్చేది.

ఆకు కోసి తట్టల్లో మేపేది మానేసి కొమ్మల మేపుకు వచ్చినప్పుడు కూలీ ఎంత తగ్గిందో మీకు నేను చెప్పాలా? పురుగు తినే ఆకులో 80 పాళ్ళకు పైగా అయిదో దశలోనే కదా తినేది. 1997లో వీ-1 మల్బరీ వచ్చినప్పుడూ అంతే. మైసూరు పరిశోధన సంస్థ పేరు పుస్తకాల్లో ఉంది, ఉండాల్సిందే. "అన్నా, ఈ ఒక్క పంటకు చేసి చూడు" అని షెడ్డులో నిలబడి బతిమాలినవాళ్ళ పేర్లు ఎక్కడున్నాయి?

కర్ణాటకలో ఉద్యోగులకు సర్వోత్తమ సేవా ప్రశస్తి ఉంది. మంచిదే. శాలువా కప్పండి. దాంతోపాటు ఉపాయం ఏంది, ఎంత మిగిలింది, ఎవరికి మిగిలింది అని ఒక పేజీ రాయించి పక్క తాలూకాకు పంపండి. మనిషి బదిలీ అయినా పేజీ ఆఫీసులో ఉంటుంది.

ఎవరికి మిగిలిందనేది గట్టిగా అడగాలి. ఊళ్ళకు రావడం మానేసినా డీజిల్ మిగులుతుంది. శుద్ధి మందు సగమే ఇచ్చినా బడ్జెట్ మిగులుతుంది. ఆ మిగులంతా మన గూళ్ళలోంచి పోయేదే. అందుకే ఆ పేజీ కింద ఇద్దరు ముగ్గురు రైతుల సంతకాలు లేకుండా ఎవరికీ ప్రశస్తి ఇవ్వకూడదంటాను. మన సంతకం అడగకపోతే మనమే అర్జీ రాసి ఇద్దాం. మా ఊరి అర్జీ తయారుగా ఉంది, 9 సంతకాలు పడినాయి.

మొన్న ఆయనకు ఫోన్ చేసి, అక్కడ కూడా పట్టీ వేసినారా సార్ అని అడిగినా. "కొత్త చోటు కదన్నా, ఇంకా నోరు తెరవలేదు" అన్నాడు.