సినిమా చదువును నిందించువారికి

సినిమా చదువనగానే మన పెద్దలు కొందరు పరువు పోయినదందురు. బందరులో జన్మించిన రఘుపతి వెంకయ్యగారు చెన్నపురి నుండి తమ కుమారుడు ప్రకాశ్‌ను ఈ విద్యకై సీమకే పంపిరి. 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ వెలువడెను. అంత దూరమేల? నేడు తరమణిలో ప్రభుత్వ విద్యాలయమే యున్నది. ఇంజనీరింగు చదువుకై పొలము తాకట్టు పెట్టు తండ్రికి దీనియందే జంకేల?

మన వెంబకోట్టైలో 2022లో మొదలైన త్రవ్వకములలో దొరకిన శంఖపు గాజు ముక్కలను సైతము భద్రపరచిరి. మంచిదే. మరి మన యింటి అవ్వ పలుకు తెలుగునో? 2006 నాటి తమిళ బోధన చట్టము పిమ్మట బడిలో మన అక్షరము మరింత వెనుకబడెను. వ్రాతకెక్కని ఆ మాటను శబ్దముతో, చిత్రముతో పట్టి నిలుపగల బిడ్డకు అడ్డుపడకుడు. పంపుటకు ముందు తెలుగు అక్షరములు మాత్రము దిద్దించుడు.