నరమను ఒక్క మాట చాలదు

మన వాడుకలో నరమను మాటకు పని మెండు. సూదివేయుటకు నరము దొరకలేదన్నచో అది సిర. మెడ నరము పట్టినదన్నచో అది తఱచుగా కండరము. మెదడునుండి వార్త గొనిపోవు తంతువు గూడ నరమే. పండితులు ఈ చివరిదానిని నాడి యనిరి, కాని వైద్యుడు మణికట్టున చూచు నాడి ధమని! చిక్కు తీరలేదు.

మెదడు, వెన్నుపాము కేంద్రమండలము. వానినుండి 12 జతల కపాలనాడులు, 31 జతల వెన్నునాడులు బయలుదేరును. చేతిలోని నాడి తెగినచో, కొనలు కలిపి కుట్టిన పిమ్మట, దినమునకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున మరల పెరుగవచ్చును. దాని తొడుగు కణములే శిథిలములను తొలగించి త్రోవ చూపును. చిటికెనవ్రేలంత లావుగల వెన్నుపాము తెగినచో అట్లు అతుకదు. అచ్చటి తొడుగులును, గాయపు మచ్చయు పెరుగుదలకు అడ్డుపడును.

2024లో శ్రీ విజయపురమని పేరు మారిన పోర్టుబ్లెయిరునందలి మిన్నీ బేలో గాని, శ్రీకాకుళములో గాని, కొబ్బరిచెట్టునుండి పడినవానికి "నరము పట్టినది" అని మర్దన చేయుటయు, కాలుసేతులు పట్టి ఎత్తుటయు మిక్కిలి అపాయకరము. విరిగిన వెన్నుపూస కదలి, అంతవరకు చెడని వెన్నుపామును నొక్కివేయును. ఊపిరి ఆడుచున్నచో, చోటు ప్రమాదకరము కానిచో, వానిని కదల్పక, మెడ నిలిపి పట్టుకొని, వైద్యసహాయమును పిలువవలెను. కదల్పక తప్పనిచో, నలుగురు కలిసి తల, మెడ, నడుము ఒకే వరుసనుంచి బల్లపైకి చేర్పవలెను.

కావున మన కరపత్రములందు వెన్నుపాము అనియే అచ్చువేయవలెనని నా అభిప్రాయము. ఆ మాట పల్లెవారికిని తెలియును.