చీర కడితేనే లోపలికా?

ఐశ్వర్యారాయ్‌తో 2003లో ‘చోఖేర్ బాలి’, మరుసటి ఏడు ‘రెయిన్‌కోట్’ తీసిన బెంగాలీ దర్శకులు ఋతుపర్ణ ఘోష్ గుర్తున్నారా? 2013లో 49 ఏళ్లకే కన్నుమూశారు. అంతకు ముందు ఏడాదే ‘చిత్రాంగద’ తీసి, అందులో రుద్ర అనే నృత్య దర్శకుడి వేషం తామే కట్టారు. ప్రియుడితో కలిసి ఓ బిడ్డను పెంచుకోవాలని రుద్ర ఆడదిగా మారబోతాడు. ఆపరేషన్లు మొదలవుతాయి... మధ్యలో వద్దనుకుని ఆగిపోతాడు!

ఆడ, మగ అనే రెండు గళ్లలో దేనిలోనూ పూర్తిగా ఇమడనివాళ్లని జెండర్‌క్వీర్ అంటారు. తెరమీద వాళ్లని చూసి చప్పట్లు కొట్టడం తేలికే. మరి నిజంగా అలాంటి మనిషి ఓ ట్రాన్స్‌జెండర్ల పుట్టినరోజు పార్టీకి వచ్చారనుకోండి. గడ్డమూ ఉంది, కాటుకా ఉంది. లోపల గుసగుసలు మొదలవుతాయి. “ఇంతకీ ఎటువైపు? సరదాకొచ్చిన బాపతా?”

ఆ అనుమానం ఊరికే పుట్టలేదు లెండి. ఇల్లు విడిచి, అయినవాళ్ల చేత తన్నులు తిని, ఒకరికొకరు తోడై చేరిన గూడు అది. “మేం ఇంత పోగొట్టుకున్నాం. నువ్వు రాత్రి కాటుక పెట్టి పొద్దున తుడిచేసుకుంటావ్!” అనే ఉక్రోషం ఉంటుంది. వింత చూడ్డానికొచ్చే ఆకతాయిల బెడద సరేసరి.

కానీ ఒక్క సంగతి. నిజాం జమానాలో, ఫసలీ 1329లో, అంటే 1919లో, ఇక్కడ ఓ చట్టం చేశారు. ‘నపుంసకులు’ ఆడబట్టల్లో వీధిలో కనబడినా, నలుగురిలో ఆడినా, వాయించినా వారెంటు లేకుండా పట్టుకుపోవచ్చు. రెండేళ్ల దాకా జైలు! తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జులైలో. కట్టిన బట్టను బట్టి మనిషిని నిలదీయడం ఎంత అన్యాయమో హిజ్రాలకి ఒకరు చెప్పాలా? ఆ బాధ పడ్డవాళ్లే గుమ్మం దగ్గర మళ్లీ బట్ట చూసి లెక్కేస్తే ఎలా? 2019లో పార్లమెంటు చట్టం చేసినప్పుడు హిజ్రాలనీ, జెండర్‌క్వీర్లనీ ఒకే నిర్వచనంలో పక్కపక్కన కూర్చోబెట్టింది కూడా.

గురువులూ చేలాలూ తమలో తాము జరుపుకునే ఆచారాలుంటాయి. అవి వాళ్లిష్టం, ఎవరూ తలదూర్చకూడదు. కానీ ‘ట్రాన్స్‌జెండర్లందరూ రండి’ అని పిలిచిన కూడికలో ‘అందరూ’ అంటే అందరూనే. ఆకతాయిని పట్టుకోవాలంటే ప్రవర్తన చూడండి, పవిట కాదు.

మనిషిని ఎలా పిలవాలో తెలీదంటారా? మన తెలుగులో ఆ చిక్కే లేదు. “వచ్చారా? కూర్చోండి. టీ తాగుతారా?” ఈ మూడు మాటల్లో ఆడా లేదు, మగా లేదు. ముందు ఆ మాట అనండి చాలు!