చేపపిల్లల లెక్క

కోతకు ముందే పంట నంచనా వేయుట మన రైతుల కెఱుకయే. ఎంచిన పొలములలో 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల మడిని కోసి, నూర్చి, తూచి వరి దిగుబడిని గణించుదురు. చేపల విషయమున మన కంటబడునది రేవున దిగిన సరకు మాత్రమే. అది గడచిన పంట. రాబోవు పంట పిల్లలలో నున్నది.

రొయ్యలు సముద్రమున గ్రుడ్లు పెట్టును. పిల్లలు పోటుతో ఏటిమొగలలోనికి వచ్చి, పెరిగి, మరల సముద్రము చేరును. నిజాంపట్నము చెంతనున్న మడ అడవులు వానికి నారుమళ్లు.

ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు తూర్పుతీరమున యంత్రపు పడవల వేట నిషిద్ధము. జాలరులు వదలుకొను నా రాబడికి ఫలమెంతయో పిల్లల లెక్కయే చెప్పవలెను. నెలనెలా అదే వలను, అదే తావులలో, అదే తిథిని, అంతే సేపు పలుమార్లు లాగి, జాతివారీగా లెక్కించి, పిల్లలను బ్రదికియుండగనే నీట విడువవలెను. దీనివలన మొత్తము సంఖ్య తెలియకున్నను, నిరుటికి నేటికి గల భేదము తెలియును.

“ఇది జాలరుల పని, మనకేల?” యని కొందఱనవచ్చును. తెనాలి, బాపట్ల, రేపల్లె పొలముల మురుగునీరు తుదకు తీరపు పాయలకే చేరుచున్నది. పిల్లలు తగ్గిననాడు మన పురుగుమందులపై నింద పడును. అది నిజమో కాదో లెక్క లేక తేల్చుటెట్లు? నిజమైనచో దిద్దుకొందము, కానిచో నిలబడి చెప్పుదము.

కావున రైతుల సంఘములును, మత్స్యకార సహకార సంఘములును కలిసి యీ లెక్కపుస్తకమును తెఱువవలెనని మా యభిప్రాయము.