పట్టు తప్పింది ఎక్కడ?

కాలువకు ఈ గట్టున ఒక ఉన్నత పాఠశాల, ఆ గట్టున మరొకటి. మండల స్థాయి పాఠశాల క్రీడలలో బాలుర కబడ్డీ ఆఖరి పోటీ ఈ రెండు జట్ల మధ్యనే జరగడం చాలా ఏళ్ళుగా ఆనవాయితీ అయిపోయింది. ఆ రోజున రెండు గ్రామాలలోనూ పొలం పనులు ఒక పూటతో సరి. ట్రాక్టర్ల మీద జనం తరలివస్తారు. ఆట ముగియడానికి గంట కూడా పట్టదు గాని, దాని మీద చర్చ సంక్రాంతి దాకా నడుస్తుంది. అది ముచ్చటైన విషయమే. పిల్లల ఆటను ఊరంతా తమదిగా భావించడం ఏ పాఠశాలకైనా అదృష్టమే.

అయితే ఈ ఏడు చర్చ శ్రుతి మించింది. చివరి ఐదు నిమిషాల దాకా ఆధిక్యంలో ఉన్న జట్టు, ఒకే కూతలో ముగ్గురు ఆటగాళ్ళను పోగొట్టుకుని, ఆ వెంటనే లోనా సమర్పించుకుని ఓడిపోయింది. అది మొదలు టీ దుకాణాల దగ్గర అభిమానులు రెండు పక్షాలుగా చీలిపోయారు. పట్టేవాళ్ళకు చేవ లేదని ఒక పక్షం, నేర్పేవారికి చేతకాదని మరొక పక్షం. ఈ రెండవ పక్షం వారు వ్యాయామోపాధ్యాయుని బదిలీ చేయించాలని అర్జీ రాసి సంతకాలు సేకరిస్తున్నారు. ఇక ఇది కాలక్షేపపు కబురు కాదు. ఒక ఉపాధ్యాయుని పరువు, పదిహేనేళ్ళ పిల్లల ఉత్సాహం ఇందులో చిక్కుకుని ఉన్నవి. కాబట్టి నిదానంగా ఆలోచించవలసిన అవసరం ఉన్నది.

పట్టు ఒక్కడి పని కాదు

ముందుగా ఆ కూతనే తీసుకుందాం. ఎడమ మూలనున్న కుర్రవాడు చీలమండ పట్టాడు. పట్టు సరిగానే పడింది. కాని పక్కనున్న ఇద్దరూ క్షణం ఆలస్యంగా వచ్చారు. ఒకడు నడుము అందుకోబోయి చొక్కా మాత్రమే అందుకున్నాడు. మరొకడు భుజాన్ని తాకాడు. కూతకు వచ్చినవాడు ముందుకు పడి చెయ్యి చాచి నడిగీత తాకాడు. నియమం ప్రకారం అతన్ని తాకిన ముగ్గురూ బయటికి పోవలసిందే. జనం మాత్రం మొదట పట్టినవాడినే తిట్టారు. కారణం, కంటికి కనిపించింది అతని పట్టు ఒక్కటే. రాని సాయం ఎవరికీ కనిపించదు.

కూతకు వెళ్ళేవాడు ఒంటరిగా ఆడతాడు. పట్టేవాళ్ళు ఏడుగురు కలిసి ఆడాలి. మూలనున్నవాడు ఎప్పుడు కదులుతాడో పక్కవాడికి ముందే తెలియాలి. చేతులు కలిపి గొలుసు కట్టినవారు ఒకే అడుగు వేయాలి. ఇది కండబలంతో వచ్చేది కాదు, నెలల తరబడి కలిసి సాధన చేస్తే వచ్చేది. తొందరపడి ఒకడు మీద పడితే పోయేది ఒక పాయింటు కాదు, రెండో మూడో.

లెక్క చూసినా పట్టు విలువ తక్కువేమీ కాదు. ఒకరిని తాకి వస్తే ఒక పాయింటు. వచ్చినవాడిని పట్టి ఆపినా ఒక పాయింటే. అయితే పట్టుబడినవాడు సాధారణంగా ఎదుటి జట్టులోని మేటి ఆటగాడై ఉంటాడు. అతను బయట కూర్చుంటే ఆ జట్టుకు చెయ్యి విరిగినట్లే. ముగ్గురో అంతకు తక్కువో మిగిలి ఉండగా పట్టగలిగితే అదనంగా మరొక పాయింటు ఇచ్చే పద్ధతి కూడా ఇప్పుడు ఉన్నది.

పెద్ద పోటీలు చెప్పే పాఠం

1990లో బీజింగ్ ఆసియా క్రీడలలో కబడ్డీని ప్రవేశపెట్టిన నాటి నుంచి 2014 వరకు పురుషుల స్వర్ణ పతకం ప్రతిసారీ మనదే. 2018లో జకార్తాలో సెమీఫైనల్స్‌లో ఇరాన్ చేతిలో 18-27తో ఓడిపోయాము. పేరుమోసిన కూతగాళ్ళు ఉన్న మన జట్టు 18 పాయింట్ల దగ్గర ఆగిపోయిందంటే ఎదుటివారు పట్టిన తీరు ఎటువంటిదో ఊహించవచ్చు. అదే క్రీడలలో మహిళల ఫైనల్స్‌లోనూ ఇరాన్ 27-24తో మనను ఓడించింది. ఆ ఇరాన్ మహిళలకు శిక్షణ ఇచ్చినది మన దేశంలోని నాసిక్‌కు చెందిన శైలజా జైన్ కావడం గమనార్హం. శిక్షణ విలువ ఇంతకంటె వేరే చెప్పనక్కరలేదు.

మన తెలుగు వారి పేరుతో ఆడే జట్టు సంగతి చూడండి. 2023 వేలంలో తెలుగు టైటాన్స్ యాజమాన్యం ఒక్క పవన్ సెహ్రావత్‌కే 2 కోట్ల 60 లక్షల రూపాయలకు పైగా వెచ్చించింది. అతని కూతలో లోపం లేదు. అయినా ఆ సీజన్‌లో 22 ఆటలకు రెండే గెలిచి జట్టు అట్టడుగున నిలిచింది. ఎంతటి మేటి ఆటగాడైనా ఒక్కడు ఏడుగురి పని చేయలేడు.

మాస్టారి తప్పు ఎంత?

ఇక వ్యాయామోపాధ్యాయుని మీద వచ్చిన విమర్శలు. వాటిలో ఒకటి న్యాయమైనదే. ఒక్కొక్క అర్ధభాగంలో ముప్పై సెకన్ల విరామం రెండుసార్లు అడిగే వీలు ఉన్నది. ఆధిక్యం కరిగిపోతున్న ఆ ఐదు నిమిషాలలో ఆయన ఒక్కసారైనా ఆ విరామం అడిగి ఉండవలసింది. పిల్లలకు ఊపిరి తిరిగేది, పక్కవాడు ఎక్కడ నిలబడాలో చెప్పే వ్యవధి దొరికేది. ఈ మాట ఆయనతో నేరుగా అనవచ్చు. దానికి బదిలీ అర్జీ అక్కరలేదు.

మిగతా నిందలకు ఆధారం తక్కువ. ఆరు నుంచి పది వరకు అన్ని తరగతులకూ ఆయన ఒక్కరే. కబడ్డీతో పాటు ఖోఖో, వాలీబాల్, పరుగు పందేలు అన్నీ ఆయనే చూడాలి. ఆటల పీరియడు వచ్చేసరికి సిలబస్ మిగిలిపోయిందంటూ లెక్కలవారో ఇంగ్లీషువారో దాన్ని అడిగి తీసుకోవడం ఏ పాఠశాలలోనైనా కద్దు. పదవ తరగతి పిల్లలకు ప్రత్యేక తరగతులు మొదలైతే సాయంత్రం సాధన కూడా పోతుంది. ఆ పిల్లలే పట్టులో ఆరితేరినవారు. వచ్చే జూన్‌కు వారు బడి విడిచి వెళ్ళిపోతారు. మాస్టారు మళ్ళీ మొదటి పాఠం నుంచి మొదలుపెట్టాలి. ఆయనను మార్చి మరొకరిని తెచ్చినా ఈ పరిస్థితి మారదు.

ఆయన సాధనంతా కూత మీదనే పెడతారని మరొక ఆరోపణ. అది నిజమే కావచ్చు. కాని అందుకు కారకులెవరు? పోటీ జరుగుతుండగా మైకులో ప్రకటించే నగదు బహుమతులు ఎవరికి? రెండు పాయింట్లు తెచ్చిన కూతకు ఐదు వందలు, బోనస్ తెచ్చినవాడికి వంద. మోకాళ్ళు చెక్కుకుపోయినా పట్టు వదలని మూల ఆటగాడికి ఇంతవరకు ఒక్క రూపాయి ప్రకటించిన దాత లేడు. పిల్లలు చూస్తున్నారు కదా! చప్పట్లు ఎటు మోగితే అటే పోతారు. సాయంత్రం మైదానంలో కూతకు వెళ్తామని పదిమంది ముందుకు వస్తే, మూలన నిలబడతామనేవాడు ఒక్కడు దొరకడం కష్టం. ఈ బలహీనతను పెంచి పోషించినది అభిమానులే. దాని ఫలితాన్ని మాస్టారి నెత్తిన రుద్దడం భావ్యం కాదు.

చేయవలసినది ఇది

మొదటిది, మైదానం. కబడ్డీ నేల చదునుగా, మెత్తగా ఉండాలనీ, మట్టి, ఎరువు, రంపపు పొట్టు కలిపి తయారు చేయడం మంచిదనీ నియమావళిలోనే ఉన్నది. గట్టినేల మీద మోకాలు ఆనించి చీలమండ పట్టమంటే ఏ పిల్లవాడు సాహసిస్తాడు? భయంతో పట్టినవాడి పట్టు సగంలోనే వదులవుతుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండాలన్నది. స్థలం ఉన్నది, దాన్ని మెత్తబరిచే పని మిగిలి ఉన్నది. రెండు ట్రాక్టర్ల మట్టి, ఊళ్ళోని కోత మిల్లు నుంచి పొట్టు తెచ్చుకుంటే అయ్యే పని. పోటీకి జనాన్ని తెచ్చిన ట్రాక్టర్లు ఒక్క పూట ఈ పనికి రాకపోవు.

రెండవది, పాత ఆటగాళ్ళు. ఒకప్పుడు జిల్లా జట్లకు ఆడినవారు రెండు గ్రామాలలోనూ ఉన్నారు. టీ దుకాణం దగ్గర తప్పులు లెక్కపెట్టే బదులు, మాస్టారి అనుమతితో వారానికి రెండు సాయంత్రాలు వచ్చి పట్టు నేర్పవచ్చు. అయితే మాస్టారి మాటకు అడ్డు రాకూడదు. ఇద్దరు చెప్పే రెండు తీర్లు విన్న పిల్లవాడు రెండింటికీ చెడతాడు.

మూడవది, బహుమతులు. కూతకు ఎంత ప్రకటిస్తారో పట్టుకూ అంతే ప్రకటించాలి. అసలు ఆ సొమ్మంతా జట్టుకు కలిపి ఇస్తే మరీ మంచిది.

నాలుగవది, గట్టు మీద కేకలు. కూతకు వెళ్ళినవాడికి అతని జట్టువారు ఆట మధ్యలో సలహాలిస్తే ఎదుటివారికి పాయింటు ఇచ్చే నియమం కబడ్డీలో ఉన్నది. ఆ నియమం ప్రేక్షకులకు కూడా వర్తించేటట్లయితే మన రెండు జట్లూ ఏనాడో వంద పాయింట్లతో ఓడిపోయి ఉండేవి. 'పట్టు, పట్టు' అని నాలుగు వైపులా అరిస్తే ఆగవలసిన పిల్లవాడు ఆగలేడు.

ప్రధానోపాధ్యాయులు ఆటల పీరియడును ఆటలకే ఉంచాలి. పదవ తరగతి పిల్లల తల్లిదండ్రులు రోజుకు ముప్పావు గంట సాధనకు ఒప్పుకోవాలి. ఇవేవీ చేయకుండా మాస్టారిని మార్చమని అర్జీ పెట్టడం, దుక్కి దున్నకుండా విత్తనాన్ని తిట్టడం వంటిది.

సంతకాలు చేసిన పెద్దలు ఆ కాగితాన్ని పక్కన పెట్టవలసిందిగా విజ్ఞప్తి. ఆ మూల ఆటగాడు పోటీ జరిగిన నాటి నుంచి సాధనకు రావడం మానివేశాడని తెలిసింది. అతను చదివేది తొమ్మిదవ తరగతి, వచ్చే ఏడు కూడా ఆడవలసినవాడు. ఊరివారిలో ఎవరైనా ఒకరు వెళ్ళి ఆ పట్టు సరైనదేనని అతనితో చెప్పి మైదానానికి తీసుకురావాలి. ముందు జరగవలసిన పని అది.