పొదుపు మన ఇంట్లో, లాభం ఎవరింట్లో?

తూర్పు డెల్టా కాలువకు నీళ్ళు వదిలే రోజులు వచ్చాయి. కడియం మండలంలో నారుమడి దున్నడానికి ముందే ప్రతి ఇంట్లోనూ మరో పని మొదలవుతుంది: పెట్టుబడి ఎక్కడ తేవాలా అన్న ఆలోచన. దాళ్వా బాకీ పూర్తిగా తీరలేదు. సార్వాకు మళ్ళీ నోటు రాయాలి. ఈ సమయంలో అప్పిచ్చేవారి దగ్గర నుంచి చుట్టాల దాకా అందరూ ఒకటే సలహా ఇస్తారు: "ఖర్చులు తగ్గించుకోండి, అప్పు అదే తీరుతుంది."

ఈ మాటను మేము కొట్టిపారెయ్యం. మన ఇళ్ళలో తగ్గించుకోదగ్గ ఖర్చులు ఉన్నాయి, వాటి గురించి ఈ సంపాదకీయంలోనే మాట్లాడతాం. అయితే ముందు లెక్క చూడాలి. లెక్క చూడకుండా చేసే పొదుపు మన అప్పు తీర్చదు, అప్పిచ్చినవాడి పెట్టె నింపుతుంది.

ఉదాహరణకు ఒక కౌలు కుటుంబానికి మూడు లక్షల అప్పు ఉందనుకుందాం. నూటికి రెండు రూపాయల వడ్డీ. మన ఊళ్ళలో దీన్ని న్యాయమైన వడ్డీ అనే అంటారు. నెలకు 6,000, ఏడాదికి 72,000 వడ్డీయే అవుతుంది. ఆ ఇంటి ఆసామి రోజుకు నలభై రూపాయల టీ, టిఫిను పూర్తిగా మానేశాడనుకుందాం. ఏడాదికి మిగిలేది 14,600. రెండున్నర నెలల వడ్డీకి కూడా అది చాలదు. అసలు జోలికి వెళ్ళే మాటే లేదు.

ఇప్పుడు ఆ కుటుంబం ఇంకా గట్టిగా బిగించి, ఆడవాళ్ళు నర్సరీలో అంట్లు కట్టీ, కవర్లకు మట్టి నింపీ తెచ్చే కూలి కూడా కలిపి, నెలకు 5,000 అప్పుకు కడుతోందనుకుందాం. రెండు రూపాయల వడ్డీ దగ్గర ఆ అప్పు ఎప్పటికీ తీరదు. కట్టేది ఐదువేలు, పెరిగేది ఆరువేలు. అదే అప్పు రూపాయి వడ్డీకి మారితే ఏడేళ్ళ ఎనిమిది నెలల్లో తీరుతుంది. ఏడాదికి నాలుగు శాతానికి మారితే ఐదేళ్ళ ఏడు నెలల్లో తీరుతుంది. మూడు చోట్లా కడుపు కట్టుకోవడం ఒకటే, ఐదువేలూ ఒకటే. మారింది వడ్డీ ఒక్కటే. కాబట్టి అప్పుల్లోంచి బయటపడాలనుకునే కుటుంబం ముందుగా తగ్గించుకోవాల్సిన ఖర్చు వడ్డీ.

నాలుగు శాతం అన్నది ఊహించి చెప్పిన అంకె కాదు. కిసాన్ క్రెడిట్ కార్డు మీద మూడు లక్షల దాకా పంట రుణానికి వడ్డీ ఏడు శాతం. గడువులోగా కడితే కేంద్రం మరో మూడు శాతం రాయితీ ఇస్తుంది. రెండు లక్షల వరకు తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు 2025 జనవరి నుంచి అమలు చేసిన నిబంధన కూడా ఉంది. మూడు లక్షల మీద రెండు రూపాయల వడ్డీకీ నాలుగు శాతానికీ తేడా ఏడాదికి 60,000. 2025-26కు కేంద్రం ప్రకటించిన సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. అంటే 75 కిలోల బస్తాకు సుమారు 1,777. అరవై వేలంటే దాదాపు 34 బస్తాలు. ఒక మంచి ఎకరం పంట మొత్తం ఈ తేడాకే పోతోంది.

మరి ఆ కార్డు కౌలుదారుకు ఎందుకు అందడం లేదు? చేను దున్నేవాడు ఒకడు, పాసు పుస్తకం ఇంకొకరి పేరున ఉంటుంది. 2011లో సాగుదారుల చట్టం వచ్చింది, రుణ అర్హత కార్డులన్నారు. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది, పదకొండు నెలల కార్డన్నారు. ఈ రెండో చట్టంలో భూయజమాని ఒప్పుకుని సంతకం పెడితేనే కార్డు. సంతకం అడిగితే వచ్చే ఏడు చేను ఇంకొకరికి పోతుందేమోనని కౌలుదారు నోరు మెదపడు. మక్తా బస్తాలు మాత్రం పంట పండినా, తుపానుకు పడిపోయినా కొలవాల్సిందే. ఇలాంటి రైతుకు పొదుపు పాఠం చెప్పే ముందు కార్డు ఇవ్వాలి.

అంకెలు కూడా ఇదే చెబుతున్నాయి. జాతీయ నమూనా సర్వే 2019 సంవత్సరానికి తీసిన లెక్క ప్రకారం దేశంలో వ్యవసాయ కుటుంబాల్లో 50.2 శాతం అప్పుల్లో ఉంటే, మన రాష్ట్రంలో 93.2 శాతం ఉన్నాయి. సగటు అప్పు దేశంలో 74,121 రూపాయలు, మన రాష్ట్రంలో 2,45,554. దేశంలో ఇదే అత్యధికం. వందలో తొంభైమూడు ఇళ్ళు దుబారా ఇళ్ళేనా? దేశంలో మిగతా రైతులందరూ పొదుపరులూ, ఆంధ్ర రైతు ఒక్కడే జల్సారాయుడా? కాటన్ ఆనకట్ట నీళ్ళు పారే డెల్టాలో, 2011 సార్వాకు కోనసీమ రైతులు గిట్టుబాటు కాదని చేలు బీడు పెట్టి పంట విరామం ప్రకటించారు. విలాసాలకు అలవాటుపడి ఎవరూ పొలం బీడు పెట్టరు.

ఇంతవరకు ప్రభుత్వాల మాట. ఇక మన ఇంటి మాట.

ఇంట్లో ఒక నోటు పుస్తకం పెట్టండి. ఎవరికి ఎంత బాకీ, ఏ తేదీన తెచ్చాం, వడ్డీ ఎంత, ఇప్పటికి ఎంత కట్టాం అన్నది రాయండి. ఇది ఆసామి ఒక్కడి గుట్టుగా ఉండకూడదు, ఇల్లాలికీ చదువుకున్న పిల్లలకీ తెలియాలి. చాలా ఇళ్ళలో అప్పు సంగతి ఇంటి ఆడవారికి తెలిసేది నోటు మనిషి గుమ్మంలోకి వచ్చిన రోజునే. ఆ గుట్టు ఎన్ని ప్రాణాలు తీసిందో మనకు తెలుసు.

పుస్తకం రాశాక ఎక్కువ వడ్డీ అప్పు ముందు తీర్చండి. మొహమాటం ఉన్నవాడికి ముందు కట్టి, ఐదు రూపాయల వడ్డీ వాడిని ఆగమనడం మనలో చాలామంది చేసే పొరపాటు. ఇంట్లో బంగారం ఉంటే ప్రైవేటు కుదువ కొట్లో కాకుండా బ్యాంకులోనో సొసైటీలోనో పెట్టి, ఆ డబ్బుతో పెద్ద వడ్డీ తెంపండి. డ్వాక్రా గ్రూపు రుణం తక్కువ వడ్డీకి వస్తుంది. దాన్ని పెళ్ళి భోజనాలకు కాకుండా ఇలాంటి అప్పు మార్పిడికి వాడుకోండి. కట్టిన ప్రతి పైసాకూ రసీదు తీసుకోండి. బాకీ తీరిన రోజు ప్రామిసరీ నోటు వెనక్కి తెచ్చుకోండి.

ఎరువు అరువుకు తెస్తే వడ్డీ ధరలోనే కలిసిపోతుంది, కంటికి కనిపించదు. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు, డీఏపీ బస్తా 1,350. మీరు ఇస్తున్నది ఎంతో పోల్చి చూసుకోండి. అదే కొట్టుకు ధాన్యం కూడా తోలాలన్న షరతు ఉంటే నష్టం రెండింతలు. బస్తాకు 200 తగ్గినా అరవై బస్తాలకు 12,000 పోతుంది. మట్టి పరీక్ష చేయించి, పొరుగువాడు వేశాడని మనమూ వేసే అదనపు బస్తా మానుకుంటే అది నిజమైన పొదుపు. గట్టు మీద కందీ, పెరట్లో ఆనపపాదూ, బెండ మొక్కలూ మన అమ్మమ్మలకు తెలిసిన పొదుపే.

పెళ్ళిళ్ళూ, కట్నాలూ, గృహప్రవేశాలూ, సంక్రాంతి బరుల దగ్గర పందేలూ. ఇక్కడ మేము మొహమాటపడదలుచుకోలేదు. మూడు రోజుల పండుగలో పోయిన డబ్బు మూడేళ్ళు వడ్డీ కట్టిస్తుంది. ఒక్కడు మానేస్తే ఊళ్ళో చులకన అవుతాడు, అందుకే ఒక్కడూ మానలేడు. ఊరంతా కలిసి, పెద్ద కమతాల వారితో మొదలుపెట్టి, ఫలానా ఖర్చు వద్దని కట్టుబాటు చేసుకుంటే ఎవరి పరువూ పోదు. సంఘం శాఖలు ఈ పని మీద వేసుకోవాలి.

వీటిలో ఏది కోసినా, పిల్లల చదువు కోయవద్దు. గర్భిణి తాగే పాలూ, కూలికి వెళ్ళి వచ్చే ఆడమనిషి తినే గుడ్డూ కోయవద్దు. జ్వరం వస్తే ఆసుపత్రికి వెళ్ళడం వాయిదా వేయవద్దు. పొదుపు అనగానే ముందు తగ్గేది ఇల్లాలి కంచంలోని కూరే. ఈ ఏడు మిగిల్చిన ఆ డబ్బు వచ్చే ఏడు ఆసుపత్రిలో రెండింతలు చెల్లించాల్సి వస్తుంది.

మన తాతల కాలం ఒకసారి గుర్తు చేసుకుందాం. 1930ల మాంద్యంలో ధాన్యం ధర పడిపోయి గోదావరి, కృష్ణా డెల్టాల రైతులు అప్పుల్లో మునిగారు. అప్పుడూ రైతు దుబారా గురించి ఉపన్యాసాలు ఇచ్చినవారు ఉన్నారు. రైతులు ఉపన్యాసాలు విని ఊరుకోలేదు. సంఘాలు కట్టారు, ఊరూరా తిరిగారు. 1938లో మద్రాసు రాష్ట్రంలో వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం వచ్చింది. పాత అప్పుల మీద పేరుకున్న వడ్డీ కొట్టేసింది. అసలుకు రెండింతలు ఇప్పటికే కట్టి ఉంటే ఆ పాత అప్పు తీరినట్టే అంది. కేరళలో 2006లో చట్టం చేసి రైతు రుణ విముక్తి కమిషన్ పెట్టుకున్నారు. కడియంలో అది ఎందుకు సాధ్యం కాదు?

అందుకే మా డిమాండ్లు మూడు. యజమాని సంతకంతో పని లేకుండా, గ్రామసభ విచారణ మీద ప్రతి కౌలుదారుకూ సాగు కార్డు, దాని మీద పంట రుణం ఇవ్వాలి. ప్రైవేటు అప్పులను కూడా విచారించి, వడ్డీ కత్తిరించే అధికారమున్న రుణ విముక్తి కమిషన్ వేయాలి. కళ్ళంలోనే మద్దతు ధరకు కొనుగోలు జరగాలి, డబ్బు ఆలస్యం కాకుండా ఖాతాలో పడాలి.

ఈ నెల శాఖా సమావేశాలకు ప్రతి సభ్యుడూ ఆ నోటు పుస్తకం రాసుకుని రావాలని కోరుతున్నాం. పేర్లు చెప్పనక్కరలేదు, అంకెలు చెబితే చాలు. ఒక్కొక్క ఇంటి పుస్తకం విడిగా ఉంటే అది ఆ ఇంటి సిగ్గుగా మిగిలిపోతుంది. ఊరి పుస్తకాలన్నీ కలిపి తహసీల్దారు బల్ల మీద పెడితే అది ఊరి అర్జీ అవుతుంది.