బంగారం ధర పెరిగింది, అప్పు పెరగనక్కరలేదు

2025వ సంవత్సరంలో పల్నాడు జిల్లా రైతు రెండు ధరలు చూశాడు. మిరప ధర పడిపోయింది. క్వింటాలుకు 11,781 రూపాయలు లెక్కకట్టి మార్కెట్ జోక్యం పథకం కింద ఆదుకుంటామని ఫిబ్రవరిలో కేంద్రం ప్రకటించవలసి వచ్చింది. అదే ఏడాది పది గ్రాముల బంగారం ధర లక్ష రూపాయలు దాటింది. పండిన పంటకు విలువ తగ్గి, పెట్టెలోని నగకు విలువ పెరిగితే, నగ తాకట్టుకు నడుస్తుంది. ఇందులో వింత లేదు.

నగ తాకట్టు పెట్టడం తప్పని ఎవరూ అనరు. అది దేనికోసం, ఎంత వడ్డీకి అన్నదే ప్రశ్న. నిరుడు పుట్టిన అప్పు కంటే ఈసారి అదే గొలుసు మీద ఎక్కువ పుట్టవచ్చు. కాని ఎక్కువ పుట్టిన సొమ్ము ఆదాయం కాదు. దానికీ వడ్డీ కట్టవలసిందే, అసలు తీర్చవలసిందే.

ఒకే కొలతతో కొలవాలి

పల్లెల్లో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెబుతారు. బ్యాంకులో ఏడాదికి ఇంత శాతమంటారు. భాష వేరు కావడంతో పోల్చి చూసుకోవడం చాలామందికి కష్టమవుతోంది. బ్యాంకు చెప్పిన శాతాన్ని పన్నెండుతో భాగిస్తే పల్లె లెక్క వస్తుంది.

ఒక లక్ష రూపాయల అప్పునే తీసుకుందాం. ప్రామిసరీ నోటు మీద రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 వేలు. మూడు రూపాయలైతే 36 వేలు. బ్యాంకులో నగపై తొమ్మిది శాతానికి ఇస్తే అది నూటికి 75 పైసలు. ఏడాదికి 9 వేలు. కిసాన్ క్రెడిట్ కార్డుపై మూడు లక్షల వరకు పంట రుణం ఏడు శాతానికి లభిస్తుంది. గడువులోగా చెల్లించిన వారికి మరో మూడు శాతం రాయితీ ఉంది. అప్పుడు పడేది నాలుగు శాతమే. అంటే నూటికి 33 పైసలు, ఏడాదికి 4 వేలు. ఈ పథకాన్ని 2025–26కు కొనసాగించేందుకు కేంద్ర మంత్రివర్గం 2025 మే నెలలో ఆమోదం తెలిపింది.

అదే లక్ష రూపాయలు, అదే ఏడాది. ఒకరు 4 వేలు కడితే మరొకరు 36 వేలు కడుతున్నారు. నోటు ఏటా వడ్డీ కలిపి తిరగరాస్తే, రెండు రూపాయల వడ్డీ మీద లక్ష మూడేళ్లకు లక్షా తొంభై వేలు దాటుతుంది.

చిన్న వ్యాపారుల దినసరి అప్పులైతే ఇంకా ఘోరం. పదివేల అప్పని రాసుకుని, పదిహేను వందలు ముందే పట్టుకుని ఎనిమిదిన్నర వేలు చేతికిస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. పైకి పదిహేను రూపాయల తేడాలా కనిపిస్తుంది. రోజురోజుకూ అసలు తీరిపోతున్నది కనుక, నిజంగా పడే వడ్డీ నూటికి నెలకు సుమారు పది రూపాయలు.

కొత్త నిబంధనలు

బంగారు రుణాలపై రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో కొత్త నిబంధనలు జారీ చేసి, 2026 ఏప్రిల్ 1 నాటికి అమలు చేయాలని గడువు పెట్టింది. వీటి ప్రకారం ఇంటి ఖర్చులకు తీసుకునే రెండున్నర లక్షల లోపు రుణానికి నగ విలువలో 85 శాతం వరకు ఇవ్వవచ్చు. అసలు, వడ్డీ కలిపి చివర ఒకేసారి కట్టే అప్పయితే, కట్టవలసిన మొత్తమంతా ఈ పరిమితిలోనే ఉండాలి. ఇటువంటి రుణాల గడువు పన్నెండు నెలలు. అప్పటివరకు అయిన వడ్డీ కట్టనిదే తిరగరాయరు.

రైతుకు మేలు చేసే అంశాలూ ఉన్నాయి. బంగారాన్ని అప్పు తీసుకునే వారి ఎదుటే పరీక్షించాలి. తూకం, నాణ్యత రాసిన కాగితం ఇవ్వాలి. అప్పు తీరిన ఏడు పనిదినాలలోగా నగ తిరిగి ఇవ్వాలి. తమ తప్పు వల్ల ఆలస్యం చేస్తే రోజుకు ఐదు వేల రూపాయల పరిహారం చెల్లించాలి. వేలం వేయవలసి వస్తే ముందుగా నోటీసు ఇవ్వాలి. బాకీ పోగా మిగిలిన సొమ్ము నగ యజమానికి చెందుతుంది. ఊళ్లోని ప్రైవేటు తాకట్టు కొట్టుకు ఈ నిబంధనలు వర్తించవన్నది గమనించాలి.

రెండు లక్షల వరకు హామీ అక్కరలేదు

రెండు లక్షల లోపు వ్యవసాయ రుణానికి బ్యాంకు హామీ అడగరాదు. అంతకుముందు లక్షా అరవై వేలుగా ఉన్న ఈ పరిమితిని 2025 జనవరి 1 నుంచి పెంచారు. రైతు తనంతట తానుగా నగ పెడతానంటే తీసుకోవచ్చునని 2025 జూలైలో రిజర్వు బ్యాంకు వివరణ ఇచ్చింది. పెట్టి తీరాలనే అధికారం మాత్రం బ్యాంకుకు లేదు. కాబట్టి బ్యాంకుకు నగ తీసుకువెళ్లే ముందు పంట రుణం సంగతి అడగడం మంచిది.

అయితే ఈ సలహా కౌలు రైతుకు అంతగా పనికిరావడం లేదు. భూమి కాగితం యజమాని పేర ఉంటుంది. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డుకు యజమాని అంగీకారం కావాలి. యజమాని సంతకానికి వెనుకాడితే కార్డు రాదు, కార్డు లేకపోతే బ్యాంకు అప్పు పుట్టదు. చివరకు పెట్టుబడి ఇచ్చిన కమీషన్ వ్యాపారికే పంట తోలవలసి వస్తుంది. అందరికంటే ఎక్కువ నష్టభయం మోసే రైతే అందరికంటే ఎక్కువ వడ్డీ కడుతున్నాడు. ఇది లెక్క తెలియక వచ్చిన కష్టం కాదు. ప్రభుత్వం సరిచేయవలసిన లోపం.

ఏది ముందు తీర్చాలి?

మూడు రూపాయల నోటు తీర్చడానికి 75 పైసల వడ్డీకి నగ పెడితే అది లాభం. ఆ నోటు చింపించి, మిగిలిన వడ్డీ సొమ్ముతో నగ విడిపించుకోవచ్చు. పెండ్లి ఆర్భాటానికో, కొత్త వాహనానికో నగ పెడితే తీర్చే దారి పంట ఒక్కటే. ఆ పంట ధర రైతు చేతిలో లేదన్న సంగతి 2025లో మిరప చెప్పనే చెప్పింది. చేతికి డబ్బు అందగానే ఎక్కువ వడ్డీ అప్పును ముందు తీర్చాలి. అయితే పంట రుణం గడువు మాత్రం దాటనివ్వరాదు. ధర పెరుగుతుందని సరుకును శీతల గిడ్డంగిలో ఉంచి గడువు దాటిస్తే మూడు శాతం రాయితీ చేజారుతుంది.

వేలిముద్ర వేసే ముందు, సంతకం చేసే ముందు మూడు విషయాలు అడిగి రాయించుకోవాలి. నూటికి నెలకు ఎంత? చేతికి వచ్చేది ఎంత, చివరకు కట్టేది ఎంత? గడువు తేదీ ఏది? ప్రతి బ్యాంకు శాఖలోను, రైతు సేవా కేంద్రంలోను వడ్డీరేట్లను పైసల లెక్కన తెలుగులో రాసి గోడకు తగిలిస్తే ఈ ప్రశ్నలు అడగడం రైతుకు సులువవుతుంది. దానికి పెద్ద ఖర్చేమీ కాదు.